జానెడు గుడ్డ

పెద్దాయన ముఖానికి కత్తెర తగలకూడదు. ఈ మాట ఏ చట్టంలో రాసుందో లామెకికి తెలియదు, చదివినవాళ్లెవరూ అతనికి ఎదురుపడలేదు కూడా. అయినా సరస్సు ఒడ్డున ఆ ఊళ్లో మిషను తొక్కి బతికే ఎవడికైనా, సూదిలో దారం ఎక్కించడం కంటే ముందు వంటబట్టే విద్య అది. పార్టీ గుడ్డ పరిచాక ముందు దాని మీద అచ్చేసిన, దేశాన్నేలే ఆయన ముఖాలెక్కడున్నాయో చూసుకోవాలి, మనిషి కొలతలు ఆ తర్వాత. ముఖం రొమ్ము మీదికి వచ్చిందా, సంతోషం. వీపు మీదికి పోయిందా, ఫరవాలేదు. చంకలోకి జారిందా, గుడ్డ మళ్లీ మొదట్నుంచీ పరుచుకోవలసిందే. ఇక ఆడవాళ్లకైతే కూర్చోవడమూ ఒక పనే. నడుముకి చుట్టుకున్న గుడ్డ మీద వెనకవైపు వచ్చిన ముఖాన్ని రెండు చేతులతో పక్కకి లాక్కుని మరీ కూర్చోవాలి. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఉత్త పూల గుడ్డ కట్టుకున్న రోజున కూడా కొందరు అలాగే లాక్కుంటారు.

సోమవారం పొద్దున పార్టీ జీపు ఉప్పూ సబ్బులూ అమ్మే కొట్టు ముందు ఆగింది. ఆ కొట్టు వసారాయే లామెకి దుకాణం. జీపులోంచి గోనె చుట్టిన మూటా, మూట వెనకాలే నాఫిరీ దిగారు. నాఫిరి పార్టీ మహిళా దళానికి అధ్యక్షురాలు. ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పిన గొంతు, ఆవిడ నోరు విప్పితే బజారు అవతలి కొసన మేకలు కూడా తలెత్తుతాయి.

"శనివారం పెద్దాయన వస్తున్నారు, లామెకీ. మన ఊరికే. నలభై మంది ఆడవాళ్లు ఆయన ముందు ఆడిపాడతారు. నలభై జాకెట్లు, నలభై చుట్టుగుడ్డలు. శుక్రవారం సాయంత్రానికి అన్నీ నా ముందుండాలి."

"నాలుగు రోజుల్లో నలభైయా అమ్మా? నాకున్నవి రెండు కాళ్లేనండీ."

"ఇంకో రెండుంటే మేకవయ్యేవాడివి. మాట్లాడకుండా తొక్కు."

వసారా అంచున బొండాలు వేయించుకుంటున్న ఎలూబి కిసుక్కున నవ్వింది. ఆవిడ పొయ్యి లామెకి మిషనుకి నాలుగడుగుల దూరంలో ఉంటుంది. మొగుడు దక్షిణాన గనుల్లో పనిచేస్తాడు, ఏడాదికోసారి వస్తాడు. ఏడాదిన్నర కూతురు నెలియా ఎప్పుడూ ఆవిడ వీపునే ఉంటుంది. ఆ నలభై మందిలో ఎలూబి కూడా ఉంది. గొంతు బాగుంటుందని నాఫిరి ఆవిణ్ణి రెండో వరసలో పెట్టింది.

లామెకి మూట విప్పాడు. ఆకుపచ్చ గుడ్డ, దాని మీద మొక్కజొన్న కంకులు, నడుమ నడుమ పళ్లెమంత గుండ్రంలో పెద్దాయన. ముప్పై ఏళ్ల కిందటి ఫోటో అది. నున్నగా దువ్విన పాపిడి, పెదవి మీద సన్నని మీసం, ఎటు కదిలితే అటే చూసే కళ్లు. ఒక్కో చుట్టుగుడ్డ పొడవు ఎనిమిది జానలు, అందులో వరసగా నాలుగు ముఖాలు. చుట్టుగుడ్డలకు పెద్ద పనుండదు, అంచులు మడిచి కుట్టేసి మర్నాటికల్లా పంచేశాడు. పనంతా జాకెట్లతోనే.

ఆ సోమవారం సాయంత్రం ఎలూబి కొలతలివ్వడానికి వచ్చి వీపు మీది పిల్లను విప్పింది. పిల్ల ఒళ్లు సెగలు కక్కుతోంది. లామెకి టేపు పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"ఏంటమ్మా ఇది? పిల్ల కాలిపోతోంది!"

"మధ్యాహ్నం నుంచీ అన్నా. దవాఖానాకి వెళ్లాను. తాళం వేసుంది."

"సోమవారం తాళమేంటి?"

"నర్సమ్మ ఆటలో ముందు వరస కదా, రిహార్సలుకి పోయింది. మిగతావాళ్లు రోడ్డు పక్క రాళ్లకి సున్నం కొడుతున్నారు. పెద్దాయన కారు వెళ్లే దారిలో ఒక్క నల్ల రాయి కనబడకూడదట."

"నాఫిరమ్మని అడగలేకపోయావా?"

"అడిగాను. పిల్లలకి జ్వరాలు రావడం మామూలే, పెద్దాయన రావడం మామూలు కాదు అంది. చల్లటి గుడ్డ వేసి తుడవమంది."

లామెకి మళ్లీ టేపు చాచాడు. రొమ్ము కొలత, భుజం కొలత రాసుకున్నాడు. ముఖం సరిగ్గా మధ్యకి వచ్చేలా సుద్దముక్కతో గీత గీశాడు. పని ఆపలేదు. నోరు విప్పితే ఏమవుతుందో ఆ ఊళ్లో చెప్పాల్సిన పనిలేదు. సండిఫోలో అనే జాలరి పాత క్యాలెండరు కాగితంలో ఎండుచేపలు చుట్టి అమ్మాడు. కాగితం మీద పెద్దాయన ఉన్నాడని చూసుకోలేదు పాపం. అదే రోజు జీపొచ్చింది. అతని పడవ ఇప్పటికీ ఒడ్డున బోర్లా పడి ఉంది, దాన్ని తిరగేసే ధైర్యం ఎవరికీ లేదు.

మంగళవారం కూడా దవాఖానా తాళం తీయలేదు. మధ్యాహ్నం ఎలూబి పొయ్యి వెలగలేదు. పొద్దుగూకే వేళకి ఆవిడ గుడిసె వైపు నుంచి ఏడుపు వినపడింది. లామెకి మిషను మీద గోనె కప్పి లేచాడు. ఆ ఏడుపు ఎలాంటిదో మళ్లీ ఎవరినీ అడగక్కర్లేదు.

బుధవారం పొద్దున పిల్లను పూడ్చిపెట్టారు. చావింటికి వెళ్లకపోతే రేపు మన చావుకి ఎవరూ రారు, అందుకని ఊరంతా వచ్చింది. నలుగురు మగవాళ్లు గొయ్యి తవ్వారు, అందులో లామెకి ఒకడు. చిన్న గొయ్యి, గంటలో అయిపోయింది. అతను చేతులు కడుక్కుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల ఆడవాళ్లు పిల్లకు నీళ్లు పోసి, ఏం చుట్టాలా అని చూస్తున్నారు. పాత గుడ్డలో పంపకూడదు. పాత గుడ్డలో వచ్చిన పిల్లను అవతల పెద్దలు దిక్కులేనిదనుకుంటారు, ఒళ్లోకి తీసుకోరు. ఇది ఆ ఊళ్లో పుట్టిన ప్రతివాళ్లకీ తెలుసు.

"కొత్త గుడ్డ ఏదైనా ఉందామ్మా?" అంది ఫైలేసి అవ్వ. నలభై మంది ఆటగత్తెల్లోకీ ముసలిది ఆవిడే, డెబ్బై ఏళ్ల ఒళ్లు వేసుకుని మూడో వరసలో ఆడుతుంది. ఊళ్లో ఎవరు పుట్టినా పోయినా చేతులు ఆవిడవే.

ఎలూబి లేచి చాప కింద చెయ్యి పెట్టింది. అంచులు మడిచిన ఆకుపచ్చ చుట్టుగుడ్డ తీసి అవ్వ చేతిలో పెట్టింది.

 ఎవరూ "వద్దు" అనలేదు. ఎవరూ "సరే" అనలేదు. ఫైలేసి అవ్వ గుడ్డను ఒకసారి దులిపి తిరగేసింది. తిరగేస్తే ఏం లాభం, అచ్చు రెండు పక్కలా దిగింది. అవ్వ పెదవి బిగించి పిల్లను చుట్టడం మొదలుపెట్టింది. చుట్టూ, చుట్టూ, చుట్టూ. చివరి చుట్టు పూర్తయ్యేసరికి పెద్దాయన సరిగ్గా పిల్ల రొమ్ము మీదికి వచ్చి కూర్చున్నాడు. లామెకి కుట్టినా అంత తిన్నగా వచ్చేది కాదు.

గొయ్యి దగ్గర ప్రార్థన చెప్పే ఆయన ఆ మూటను చూశాడు, వెంటనే కళ్లు ఎత్తి దూరంగా సరస్సు వైపు తిప్పుకున్నాడు. ప్రార్థనంతా అటే చూస్తూ చెప్పాడు. మట్టి వేసే వంతు వచ్చినప్పుడు లామెకి చెయ్యి వణికింది. పిల్ల మీద మట్టి వేస్తున్నందుకు సగం, బతికున్న పెద్దాయన ముఖం మీద మట్టి వేస్తున్నందుకు సగం. తన దుఃఖంలో కూడా భయం సగం వాటా అడుగుతున్నందుకు అతనికి ఒళ్లు మండింది. రెండో పార వేసేటప్పుడు చెయ్యి వణకలేదు.

గురువారం పొద్దున ఎలూబి పొయ్యి దగ్గరికి కాక నేరుగా మిషను దగ్గరికి వచ్చింది. బిడ్డ పోయిన తల్లులు చేసే తీరున తల గొరిగించుకుంది. కళ్లు పొడిగా ఉన్నాయి. ఇంతవరకు ఆవిడ ఏడవడం ఎవరూ చూడలేదు, మంగళవారం వినిపించిన ఏడుపు కూడా ఇరుగుపొరుగువాళ్లదే.

"అన్నా, నాఫిరమ్మ ఇంటికొచ్చింది."

"ఏమంది?"

"శనివారం రావాల్సిందే అంది. పెద్దాయన ముందు చావు మాట ఎత్తకూడదట. తల మీద గుడ్డ కట్టుకుని రమ్మంది. వరసలో ఒక మనిషి తగ్గితే ఎందుకు తగ్గిందని పట్నంవాళ్లు అడుగుతారట." ఎలూబి గొంతు తగ్గించింది. "నేనేం కట్టుకోను అన్నా? జాకెట్టు ఉంది. చుట్టుగుడ్డ..."

మిగతాది అనలేదు. అనక్కర్లేదు. ఆ గుడ్డ కొట్లో దొరికేది కాదు, పట్నం నుంచి లెక్కగా వచ్చేది. పోయిందంటే ఎక్కడ పోయిందంటారు. దొంగతనం అంటే వెతుకుతారు. కాలిపోయిందంటే పెద్దాయనను కాల్చావా అంటారు. భూమిలో ఉందని తెలిస్తే, మిగతా ఊరి సంగతేమో కానీ ఎలూబిని మాత్రం మళ్లీ ఎవరూ చూడరు.

"నువ్వెళ్లి పొయ్యి వెలిగించు," అన్నాడు లామెకి. "రోజూలాగే ఉండు. నన్ను ఆలోచించుకోనీ."

అతను ఆలోచించలేదు. ఆలోచించడానికేం ఉంది? జాకెట్లలో మిగిలిన ముక్కలు చూశాడు. అరచేతంత పేలికలు, అన్నీ మొక్కజొన్న కంకులే. ముఖాలు ఒక్కటీ మిగల్లేదు. పెద్దాయన ముఖం వృథా పోకుండా గుడ్డ పరచడంలో తనంతవాడు లేడని ఇన్నాళ్లూ పొంగిపోయాడు. ఆ పనితనమే ఇవాళ కొంప ముంచింది.

ఫైలేసి అవ్వ తన జాకెట్టు కోసం వచ్చి, వసారా మెట్టు మీద కూర్చుంటూ అలవాటు చొప్పున వెనక ముఖాన్ని పక్కకి లాక్కుంది. లామెకి ఆవిడ చేతుల్నే చూశాడు. గుడ్డ ఆవిడ నడుం చుట్టూ ఒకటిన్నర చుట్టు తిరిగి, లోపలికి మడతపడి ఉంది. లోపలి మడతలో ఏముందో ఆ దేవుడికి తెలియాలి.

"అవ్వా, నీ గుడ్డలో ఒక జానెడు తగ్గితే నీకు చాలుతుందా?"

"జానెడేంటి, నా నడుముకి సగం గుడ్డ చాలు. ఎందుకు?"

అతను చెప్పలేదు. చూపు మాత్రం ఎలూబి పొయ్యి వైపు తిప్పాడు. అవ్వ ఆ చూపు వెంటే చూసింది, మళ్లీ అతన్ని చూసింది. చావుకి పోయి గుడ్డ చుట్టిన చేతులు, వాటికి వేరే చెప్పాలా?

"జానెడు ఎక్కడ తెగుతుందిరా?" అంది మెల్లగా.

"అంచు నుంచి జానెడంటే సరిగ్గా ముక్కు మీద."

"నువ్వా? నువ్వు కోస్తావా?"

"ఎనిమిది మంది దగ్గర తలో జానెడు తీసుకుంటే ఎనిమిది జానలు. నలుగురి దగ్గర ఎడమ చెంప, నలుగురి దగ్గర కుడి చెంప. రెండు చెంపలూ కలిపితే ఒక ముఖం. నాలుగు ముఖాలు, ఒక చుట్టుగుడ్డ."

"మిగిలిన సగం ముఖం మా దగ్గరే ఉంటుంది కదరా?"

"లోపలి మడతలో ఉంటుంది. విప్పి చూస్తే తప్ప కనబడదు. చూస్తే మాత్రం నిన్నూ తీసుకుపోతారు, నన్నూ తీసుకుపోతారు. వద్దంటే ఇప్పుడే చెప్పవ్వా, నేనేమీ అనుకోను."

అవ్వ మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. తర్వాత పెద్ద గొంతుతో, బజారంతా వినేలా అరిచింది. "ఏం కుట్టావురా ఈ గుడ్డ! కాళ్లకి అడ్డం పడుతోంది! ముసలిదాన్ని పెద్దాయన ముందు బోర్లా పడేద్దామనా? ఇదిగో, పొట్టి చేసివ్వు!" అని గుడ్డ విప్పి అతని ముఖాన విసిరికొట్టి, లోపలి పాత పావడాతో చకచకా ఇంటికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం లోపల ఇంకో ఏడుగురు వచ్చారు. లామెకి ఎవరినీ పిలవలేదు. అవ్వ ఎవరితో ఏం చెప్పిందో అతనికి తెలియదు. నోట్లో నువ్వుగింజ నానని ఊరది, ఆ రోజు మాత్రం ఒక్క నోరూ జారలేదు. ఒకావిడ పొడుగెక్కువైందంది, ఒకావిడ అంచు ఊడిందంది. చేపలమ్మే ఆవిడ మరీ ముందుకి పోయి, "నా మొగుడు ఈ గుడ్డలో నేను దున్నపోతులా ఉన్నానన్నాడు, కాస్త తగ్గించన్నా" అంది. గుడ్డ తగ్గిస్తే మనిషి తగ్గుతుందా అని పక్కావిడ వెక్కిరించింది. అందరూ నవ్వారు. ఎలూబి బొండాలు తిప్పుతూ తల దించుకునే ఉంది.

లామెకి అవ్వ గుడ్డ బల్ల మీద పరిచాడు. జాన పెట్టి కొలిచి సుద్ద గీశాడు. గీత పాపిడి మీదుగా, రెండు కనుబొమల నడుమగా, ముక్కు మీదుగా, మీసం మధ్యగా దిగింది. కత్తెర తీశాడు. అరచేతిలో చెమట పట్టి కత్తెర జారుతోంది. చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు, మళ్లీ పట్టుకున్నాడు. వచ్చిన ఆడవాళ్లు వెళ్లకుండా, జాకెట్ల కోసం కూర్చున్నట్టుగా మిషను చుట్టూ దడిలా కూర్చుని, పెసలు చెరుగుతూ లోకాభిరామాయణం మొదలుపెట్టారు. దాక్కుని చేసే పని పదిమందిలో పడుతుంది, పదిమందిలో చేసే పనిని ఎవడూ తిరిగి చూడడు.

కత్తెర పాపిడి దగ్గర మొదలైంది. మామూలు గుడ్డ తెగినట్టే తెగింది. నుదురు తెగింది. ముక్కు తెగింది. పిడుగు పడలేదు, జీపు రాలేదు. ఇంత మెత్తని ముక్కుకా నేను ఇన్నేళ్లు భయపడ్డాను అనుకున్నాడు లామెకి, అనుకున్నందుకే మళ్లీ భయపడ్డాడు.

కోయడం అరగంట పని. కలపడమే గండం. ఒక గుడ్డకీ ఇంకో గుడ్డకీ అచ్చులో వెంట్రుకవాసి తేడా. కళ్లు కలిపితే నోరు కలవడం లేదు, నోరు కలిపితే ఒక కన్ను పైకి పోతోంది. గుండుసూదులతో ఒకసారి ఇలా, ఒకసారి అలా పెట్టి చూశాడు.

"ఏది కలపను?" అని అడిగాడు, ఎవరినీ చూడకుండా.

"నోరు కలుపు," అంది చేపలావిడ పెసలు చెరుగుతూ. "ఆయన చూడకపోతే మనకి మేలే. నోరు వంకరైతేనే అందరికీ తెలుస్తుంది."

నోళ్లు కలిపాడు. మిషను మీద కుడితే దారం ఉబ్బి కనబడుతుంది. అందుకని చేతికుట్టే వేశాడు, చర్మం రంగు దగ్గర గోధుమ దారం, మీసం దగ్గర నల్లది, కాలరు దగ్గర తెల్లది. నువ్వు గింజంత కుట్టు, దాని పక్కన ఇంకో కుట్టు. లోపలి అంచుల్ని వేలిగోటితో రుద్ది చదును చేశాడు. శుక్రవారం మధ్యాహ్నానికి నాలుగు ముఖాలూ అయ్యాయి. బొగ్గుల ఇస్త్రీ పెట్టి నొక్కి, దూరంగా పట్టుకుని చూశాడు. పది అడుగుల నుంచి చూస్తే పెద్దాయనే. మూడడుగుల నుంచి చూస్తే పెద్దాయనకి పక్షవాతం వచ్చినట్టుంది.

అదే చుట్టబెట్టి ఎలూబికి ఇచ్చాడు. ఆవిడ గుడ్డ మీద బొటనవేలు పెట్టి ఒక ముఖం పొడుగునా కుట్టు తడిమింది. ఆ సాయంత్రం అతని మిషను పక్కన ఆకులో ఆరు బొండాలు ఉన్నాయి.

శనివారం పొద్దున్నే నలభై మంది బడి ఆవరణలో వరసలు కట్టారు. అక్కణ్నుంచి ఆటస్థలం దాకా నడక. ఆటస్థలం గుమ్మం దగ్గర పట్నం నుంచి వచ్చిన పార్టీ ఆడవాళ్లు వరస వరసనీ నిలబెట్టి తనిఖీ చేస్తారని అప్పటికే కబురొచ్చింది. గుడ్డ మీద చెయ్యేసి మరీ చూస్తారట. దర్జీలకు ఎప్పుడూ ఒక పని ఉంటుంది. దారాలు ఎక్కించిన సూదులు కాలరుకి గుచ్చుకుని, ఎవరి కుట్టయినా ఊడితే కుట్టడానికి ఆటగత్తెల వెంటే ఉండాలి. అందుకని లామెకి కూడా అక్కడే ఉన్నాడు.

నాఫిరి ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చింది. ఒకావిడ కాలరు సర్దింది, ఒకావిడ పమిట కొంగులా వేలాడుతున్న తలగుడ్డ బిగించింది. ఎలూబి దగ్గరికొచ్చి, చుట్టుగుడ్డ మీద ముడత చూసి అరచేత్తో తుడిచింది. చెయ్యి ముక్కు దగ్గర ఆగింది.

లామెకి చెయ్యి కాలరు మీది సూది మీదికి పోయింది.

నాఫిరి వంగి చూసింది. బొటనవేలితో పైనుంచి కిందికి, కింది నుంచి పైకి తడిమింది. పక్క ముఖం చూసింది, దాన్నీ తడిమింది. తర్వాత నిటారుగా లేచి, "నువ్వు నాతో రా. దర్జీ, నువ్వూ రా," అంది. బడిపిల్లలతో మాట్లాడే గొంతు కాదది. బాగా చిన్న గొంతు.

మూడో తరగతి గది వెనకకి తీసుకెళ్లింది.

"నీకిచ్చిన గుడ్డేది?" అని ఎలూబిని అడిగింది.

ఎలూబి తలెత్తి చూసింది. "నెలియా కట్టుకుంది."

నాఫిరి చూపు ఆ గుడ్డ మీదికి దిగింది. అవతల ఆడవాళ్లు పాట సరిచూసుకుంటున్నారు, మా తండ్రీ మా సూర్యుడా అంటూ.

"ఎవరి పని ఇది?" అంది లామెకి వైపు తిరిగి.

"నాదేనండి. నేనొక్కణ్ణే."

"గుడ్డ నీకు ఆకాశంలోంచి ఊడిపడిందా? ఎంతమందివి కోశావు?"

లామెకి నోరు విప్పలేదు. కాలరుకి గుచ్చుకున్న సూదులు మెడకి గుచ్చుకుంటున్నాయి, తల అటూ ఇటూ తిప్పలేదు.

"చెప్పకు," అంది నాఫిరి. "చెప్తే నేను విన్నదాన్నవుతాను." గోడకి ఆనుకుంది. ఆ కొండంత మనిషి ఒక్కసారిగా అలిసిపోయినట్టు కనిపించింది. "నర్సుని రిహార్సలుకి పిలిచింది నేనే. దవాఖానా తాళంచెవి నా ఇంట్లోనే ఉంది, మంగళవారం దాకా. నువ్వు నా గుమ్మం ముందు నిలబడి అడిగితే గుడ్డ తడిపి తుడవమన్నాను. అవునా?"

"అవునమ్మా," అంది ఎలూబి. తిట్టలేదు, ఓదార్చలేదు. అవునంది, అంతే.

నాఫిరి తన నడుముకున్న చుట్టుగుడ్డ ముడి విప్పింది. లామెకి గబుక్కున గోడ వైపు తిరిగిపోయాడు.

"ఇది కట్టుకో. నీది ఇలా ఇయ్యి. త్వరగా."

"అమ్మా, మీకేమైనా అయితే?"

"అధ్యక్షురాలి గుడ్డ తడిమే చెయ్యి ఈ జిల్లాలో లేదు. కట్టుకో అన్నానా!"

లామెకి గోడతోనే అన్నాడు. "అందరికంటే ముందు నిలబడేది మీరే కదండీ. పెద్దాయన దిగొచ్చి మీతోనే అడుగు కలుపుతారు కదా?"

"ఆయనకి కళ్లు కనబడితే కదా!"

అనేసి నాఫిరి తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆడవాళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు, లామెకి గోడనే చూశాడు. ఆ మాట గోడ మీద బల్లిలా కాసేపు అక్కడే ఉండి, ఎటో పోయింది.

గుమ్మం దగ్గర పట్నం ఆడవాళ్లు ఎలూబి నడుం మీద చెయ్యేసి చూశారు. నాలుగు ముఖాలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి, పొమ్మన్నారు. ఫైలేసి అవ్వ దగ్గర ఒకావిడ లోపలి మడత పట్టుకోబోతే, అవ్వ "అయ్యో తల్లీ, ఆగలేను, నీళ్లెక్కువ తాగాను" అంటూ కాళ్లు మెలిపెట్టింది. ఆవిడ చీదరించుకుని చెయ్యి తీసేసింది. నాఫిరి గుడ్డ వైపు ఎవరూ చూడలేదు. ఆవిడ వాళ్లతో పలకరింపులు పలకరించుకుంటూ, ఎదురుగా వంకర కళ్ల పెద్దాయనను కట్టుకుని, ముందు నడిచింది.

ఎండ నడినెత్తికి వచ్చాక పెద్దాయన కారు వచ్చింది. దిగింది ఫోటోలో మనిషి కాదు. నలుపు కోటు లోపల సన్నగా ఎండిపోయిన ముసలాయన, చేతిలో దంతం పిడి కర్ర, మోచెయ్యి కింద ఒక అధికారి చెయ్యి. ఉపన్యాసం చదివింది కూడా ఇంకెవరో. ఆ తర్వాత డప్పులు మొదలయ్యాయి. నలభై మందీ కదిలారు, దుమ్ము లేచింది. లామెకి ఆటస్థలం చుట్టూ కట్టిన తాడు పక్కన సూదులతో నిలబడ్డాడు, నాఫిరికి పదడుగుల దూరంలో.

పెద్దాయన వేదిక మెట్లు దిగాడు. ఎప్పటిలాగే ఆడవాళ్ల దగ్గరికి వచ్చాడు. కర్ర పైకెత్తి రెండడుగులు కలిపాడు. నాఫిరి ఎదురొచ్చి నడుం వంచి ఆడింది. మూడో అడుగులో ఆయన ఆగిపోయాడు. డప్పులవాళ్లు ఆయన కాళ్లనే చూస్తూ వాయిస్తారు, ఆయన ఆగగానే వాళ్లూ ఆపేశారు.

 పెద్దాయన వంగాడు. కళ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకుని, నాఫిరి గుడ్డ మీద తన ముఖం దగ్గరికి తన ముఖం తెచ్చాడు. వణికే వేలు చాచి పాపిడి దగ్గర పెట్టి, ముక్కు మీదుగా గడ్డం దాకా కుట్టు వెంటే దించాడు.

"ఈ గాయం నాకెప్పుడైంది?" అన్నాడు.

మోచెయ్యి పట్టుకున్న అధికారి నాఫిరి వైపు చూశాడు.  దుమ్ము పట్టిందనో, మడత పడిందనో ఏదో ఒకటి చెప్పమ్మా అని లామెకి మనసులో మొత్తుకున్నాడు. నాఫిరి నడుం ఎత్తి నిలబడింది.

"బుధవారం, అయ్యా."

రెండో వరసలో ఎలూబి చెయ్యి తనకి తెలియకుండానే రొమ్ము మీదికి పోయింది.

"బుధవారమా?" పెద్దాయన ఆ మాట నోట్లో వేసుకుని నమిలినట్టుగా కాసేపు ఆగాడు. ముసలి కళ్లు అధికారి వైపు తిరిగాయి, చిన్నపిల్లాడు ఫిర్యాదు చేసినట్టు. "మరి నాకెవరూ చెప్పలేదేం?"

 అధికారి గుడ్డ మీది కుట్టును చూశాడు. నాఫిరిని చూశాడు. నాఫిరి కళ్లు దించలేదు. చూసినట్టు ఒప్పుకుంటే గుమ్మం దగ్గరే ఎందుకు పట్టుకోలేదని తననే అడుగుతారని అతనికి తోచినట్టుంది. "ఎండగా ఉందయ్యా, నీడలోకి వెళదాం," అని మోచేతిని మెల్లగా అటు తిప్పాడు. పెద్దాయన వెళ్తూ వెళ్తూ వేలికొసలతో తన సొంత ముక్కు తడుముకున్నాడు.

డప్పులవాళ్లు నాఫిరి వైపు చూశారు. ఆవిడ చెయ్యి ఎత్తింది. డప్పు మోగింది, పాట లేచింది, నలభై మందీ మళ్లీ కదిలారు. రెండో వరసలో ఎలూబి ఏడుస్తోంది. నాలుగు రోజుల ఏడుపు, నోరంతా తెరిచి, గొంతెత్తి ఏడుస్తోంది. అటూ ఇటూ ఉన్న ఆడవాళ్లు పాట ఇంకా గట్టిగా పాడారు, అడుగులు ఇంకా బలంగా వేశారు. ఆ హోరులో, ఆ దుమ్ములో ఎలూబి కడుపారా ఏడ్చింది.